ముప్పై నాలుగు కిలోమీటర్లు, గంటన్నర: తిరుపతి, చిత్తూరుల విమాన లెక్క

రెండు ఊళ్ల మధ్య విమాన దూరం ఎంత, ఎగిరితే ఎంతసేపు పడుతుంది అని అడిగితే ఈరోజు ఫోను క్షణంలో రెండు అంకెలు చూపిస్తుంది. తిరుపతి, చిత్తూరు అని అడిగినా చూపిస్తుంది. అక్షాంశ రేఖాంశాలు పట్టుకొని భూగోళం మీద అతి దగ్గరి గీత గీస్తే ఈ రెండు పట్టణాల మధ్య సుమారు 57 కిలోమీటర్లు వస్తుంది. గంటకు 800 కిలోమీటర్ల వేగం, ఎక్కడానికీ దిగడానికీ కలిపి మరో అరగంట అనే వాడుక సూత్రం వేస్తే ముప్పై నాలుగైదు నిమిషాల ప్రయాణమని కూడా తేలుతుంది. కానీ చిత్తూరులో ప్రయాణికుల విమానం దిగే రన్‌వే లేదు. లేని ప్రయాణానికి నిమిషాలతో సహా జవాబు వచ్చిందంటే ఆ లెక్క దేన్ని కొలుస్తోందో, దేన్ని వదిలేస్తోందో నిలబెట్టి అడగాల్సిందే. అందుకే ఈ రెండు ఊళ్లనూ, ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది.

ముందుగా రెండు ఊళ్లకూ ఒకే గమ్యం ఇద్దాం. హైదరాబాదు. రేణిగుంట విమానాశ్రయం నుంచి శంషాబాదుకు సూటి దూరం సుమారు 416 కిలోమీటర్లు. చిత్తూరు పట్టణం నుంచి శంషాబాదుకు అలాగే గీత గీస్తే సుమారు 450. అంటే ఆకాశం లెక్కలో చిత్తూరు వాళ్లు తిరుపతి వాళ్లకంటే ముప్పై నాలుగు కిలోమీటర్లే దూరంగా ఉన్నారు. విమాన వేగంలో అది మూడు నాలుగు నిమిషాలు. ఎవరూ పట్టించుకోనంత తేడా.

నేల మీదికి దిగితే ఆ మూడు నిమిషాలు గంటన్నర అవుతాయి. తిరుపతిలో ఉన్నవాడు ఆటో ఎక్కినా, కారు ఎక్కినా పదిహేను కిలోమీటర్లు పోతే రేణిగుంట ఎయిర్‌పోర్టు. అరగంట. చిత్తూరు వాడు పూతలపట్టు మీదుగా, చంద్రగిరి మీదుగా తిరుపతి చేరి, అదీ దాటి రేణిగుంట పోవాలి. ఎనభై కిలోమీటర్ల పైమాట. రోడ్డు బాగుపడిన ఈ రోజుల్లో కూడా రెండు గంటలు చేతిలో పెట్టుకోకుండా ఎవరూ బయల్దేరరు. తెల్లవారి విమానమైతే రాత్రి నిద్ర చెడినట్టే. కిలోమీటర్లలో పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లు కాలంలో ఇలా విడిపోయాయి. ఈ గంటన్నర ఏ విమాన లెక్కలోనూ కనిపించదు.

మా వైపు పెద్దవాళ్లను ఫలానా ఊరు ఎంత దూరమని అడిగితే కిలోమీటర్లు చెప్పరు. "బస్సులో రెండు గంటలు పడుతుంది నాయనా" అంటారు, లేదా "పొద్దున పోతే మధ్యాహ్నానికి చేరతావు" అంటారు. అందులో బస్సు కోసం నిలబడటం, పాకాల దగ్గర ఆగడం, దిగి నడవడం అన్నీ కలిసే ఉంటాయి. తెర మీద మెరిసే రెండు అంకెలకంటే ఆ జవాబులో నిజం ఎక్కువ పాలు ఉందని నా నమ్మకం.

అయినా విమాన దూరం పనికిరాని అంకె అనను. దాన్ని ఒంటరిగా చదవడంలోనే తప్పుంది. నేల దూరం పక్కన పెట్టి చదివితే అది చాలా సంగతులు చెబుతుంది. రేణిగుంట నుంచి శంషాబాదుకు మ్యాపులో గీసిన గీతను వెంబడించండి. వెలికొండల మీదుగా పోయి, బద్వేలుకు తూర్పుగా సాగి, గిద్దలూరు దగ్గర నల్లమలలోకి చొరబడి, శ్రీశైలానికి పది కిలోమీటర్ల లోపు దూరంలో కృష్ణను దాటుతుంది. ఏడుకొండల అంచున మొదలై మల్లన్న కొండ పక్కగా పోయే దారి అది. ఆ గీత వెంట రైలు లేదు. అంత సూటిగా రోడ్డూ లేదు. మధ్యలో ఉన్నది కొండలు, అడవి, పులుల అభయారణ్యం. అందుకే రైళ్లు చుట్టూ తిరుగుతాయి. కొన్ని గూడూరు, నెల్లూరు మీదుగా కోస్తా అంచున ఎక్కి గుంటూరు వైపు మళ్లుతాయి. చిత్తూరు నుంచి కాచిగూడకు పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ పడమటి దారి పట్టి కడప, కర్నూలు మీదుగా పోతుంది. 2023 ఏప్రిల్ 8న మొదలైన సికింద్రాబాదు–తిరుపతి వందే భారత్ గుంటూరు, నెల్లూరు దారిలో సుమారు 660 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఆకాశంలో 416, పట్టాల మీద 660. ఒకటికి ఒకటిన్నర రెట్లు దాటింది. విమానానికి విలువ వచ్చేది ఈ ఎడం దగ్గర. ఆ విలువలో చాలా భాగం నల్లమల ఇచ్చింది.

తిరుపతి, చిత్తూరుల మధ్య అదే కొలత వేస్తే? ఆకాశంలో 57, రోడ్డు మీద దాదాపు 70. కొండల సందుల్లోంచి స్వర్ణముఖి పక్కగా, పాకాల పొలాల మీదుగా దారి దాదాపు సూటిగానే పోతుంది. ఆకాశం ఇక్కడ మిగిల్చేది పదమూడు కిలోమీటర్లే. ఈ రెండు ఊళ్ల నడుమ విమానం ఎన్నడూ రాకపోవడానికి డబ్బు కంటే ముందు భూగోళమే కారణం.

ఇక రెండో అంకె, విమాన సమయం. ఇది మొదటిదాని కంటే ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే ఇది అనుభవంలా వినిపిస్తుంది. రేణిగుంట–శంషాబాదు టికెట్టు మీద గంటా పది, గంటా ఇరవై నిమిషాలు అని ఉంటుంది. 416 కిలోమీటర్లను గంటా పదితో భాగిస్తే గంటకు 350 కిలోమీటర్ల చిల్లర వస్తుంది. ఎయిర్‌బస్ ఏ320 పైకెక్కాక గంటకు 800 కిలోమీటర్లు దాటి పోగలదు. ఏటీఆర్-72 గాలిపంకాల విమానం 500 ప్రాంతంలో పోతుంది. మరి ఈ 350 ఎక్కడిది? టికెట్టు మీద వేసే సమయం విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి రెండో చోట గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే చివరికి మెల్లగా దొర్లడం, వరుసలో ఆగడం, దిగాక మళ్లీ దొర్లడం అందులోనే ఉన్నాయి. పైగా పదివేల అడుగుల లోపు వేగం 250 నాట్లు, అంటే గంటకు సుమారు 463 కిలోమీటర్లు దాటకూడదన్నది మామూలు నియమం. 400 కిలోమీటర్ల ప్రయాణంలో జెట్ విమానం ఎక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి మరో ఇరవై నిమిషాలు పోతే, తన అసలు వేగంలో ఎగిరేది పది పదిహేను నిమిషాలే. అందుకే ఇంత దగ్గరి దారుల్లో పెద్ద జెట్‌కూ ఏటీఆర్‌కూ మధ్య తేడా పది పదిహేను నిమిషాలకు కుదించుకుపోతుంది. పెద్ద విమానం వస్తే ఊరు దగ్గరవుతుందన్న ఆశ హైదరాబాదు విషయంలో నిలవదు. సీట్లు పెరుగుతాయి, అది వేరే మేలు.

గీత సూటిగా ఉన్నా విమానం సూటిగా పోదు. రేణిగుంట రన్‌వేకు 08, 26 అని రెండు కొసల పేర్లు. దిక్సూచి లెక్కలో ఎనభై డిగ్రీలు, రెండొందల అరవై డిగ్రీలు అని అర్థం. అంటే దాదాపు తూర్పు పడమరలు. హైదరాబాదు ఉత్తరాన ఉంది. ఏ కొస నుంచి లేచినా విమానం మొదట తప్పు దిక్కుకు పోయి తర్వాత మళ్లాల్సిందే. పడమట, ఉత్తరాన శేషాచలం గోడ కట్టినట్టు ఉంటుంది. రేణిగుంట నేల సముద్రమట్టానికి వంద మీటర్ల చిల్లర ఎత్తు, ఇరవై కిలోమీటర్ల అవతల తిరుమల సుమారు 850 మీటర్లు. పైగా తిరుమల గుడి గోపురమైన ఆనందనిలయం మీదుగా ఏదీ ఎగరకూడదన్నది ఆగమ సంప్రదాయం. తిరుమలను విమానాలు ఎగరని ప్రాంతంగా ప్రకటించాలని తిరుమల తిరుపతి దేవస్థానం ఎన్నోసార్లు కేంద్రాన్ని కోరింది. 2025లో కూడా దేవస్థానం బోర్డు అధ్యక్షుడు పౌర విమానయాన మంత్రికి లేఖ రాశారు. ఈ కోరికను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. రెండు నిమిషాలు చుట్టు తిరిగినా, కొన్ని లీటర్ల ఇంధనం ఎక్కువైనా కోట్లమంది మనసుకు దక్కే నెమ్మది ముందు అది పెద్ద ఖర్చు కాదు. గీతకు ఈ పట్టింపు తెలియదు. విమానం నడిపేవాళ్లకు తెలియాలి.

ఇప్పుడు గడప నుంచి గడపకు లెక్క వేద్దాం. తిరుపతి ఇంటి నుంచి విమానాశ్రయానికి అరగంట. బ్యాగులు ఇచ్చే గడువు విమానానికి గంట ముందే ముగుస్తుంది కాబట్టి గంటన్నర ముందు చేరాలి. విమానంలో గంటాపావు. శంషాబాదులో దిగి బ్యాగు అందుకొని బయటికి రావడానికి అరగంట, నగరంలోకి గంట. మొత్తం నాలుగున్నర గంటల పైన, అయిదుకు లోపు. వందే భారత్ మొదలైనప్పుడు ఎనిమిదిన్నర గంటల వేళ పెట్టారు. ఇంటి నుంచి స్టేషనుకూ, సికింద్రాబాదు స్టేషను నుంచి ఇంటికీ కలిపితే పది గంటలు. అంటే తిరుపతి వాడికి విమానం పగలు అయిదు గంటలు మిగిలిస్తుంది. అది నిజమైన లాభం, గౌరవించాల్సిన లాభం. ఉదయం పోయి ఆస్పత్రిలో చూపించుకొని రాత్రికి తిరిగి రాగల ముసలి తల్లిదండ్రులకు ఆ అయిదు గంటలు ఎంత విలువో చెప్పనక్కర్లేదు.

చిత్తూరు వాడికి అదే లెక్క ఆరు గంటల పైన అవుతుంది. విమానం ఆలస్యమైతే, రోడ్డు మీద జాగారం చేయాల్సి వస్తే ఏడు. ఎదురుగా వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. సాయంత్రం ఎక్కి పడుకుంటే పొద్దునకు హైదరాబాదు ప్రాంతంలో ఉంటారు. గంటల లెక్కలో రైలు ఓడింది. కానీ నిద్రలో గడిచిన గంటలను మేలుకొని గడిపిన గంటలతో సమానంగా కొలవడం నాకు సమ్మతం కాదు. టికెట్టు ధరల తేడా చూస్తే సామాన్య కుటుంబం తీర్పు రైలు వైపే పోతుంది. ఒకే విమానం, ఒకే రన్‌వే, ఒకే గమ్యం. తిరుపతికి అది స్పష్టమైన మేలు. చిత్తూరుకు తూచి తూచి తీసుకోవాల్సిన మేలు.

బెంగళూరు దగ్గర తూకం పూర్తిగా తిరగబడుతుంది. రేణిగుంట నుంచి దేవనహళ్లి విమానాశ్రయానికి సూటిగా సుమారు 205 కిలోమీటర్లు. తిరుపతి నుంచి రోడ్డు మీద 250 ప్రాంతం, అయిదు గంటల బస్సు. విమానంలో పోతే అరగంట, గంటన్నర, గంట, అరగంట, ఆ పైన దేవనహళ్లి నుంచి నగరంలోకి ట్రాఫిక్‌లో మరో గంటన్నర. అక్షరాలా అయిదు గంటలు. బస్సూ విమానమూ సరిసమానం. చిత్తూరు వాడికైతే ఈ ప్రయాణం అర్థమే లేనిది. పడమటికి పోవాల్సినవాడు ముందు రెండు గంటలు ఈశాన్యానికి పోవాలి. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బస్సెక్కితే విమానం తలుపు మూసేలోపే బెంగళూరు పొలిమేర కనిపిస్తుంది. మద్రాసు సంగతీ ఇంతే. రేణిగుంటకూ మీనంబాక్కానికీ మధ్య గాలిదూరం వంద కిలోమీటర్లకు లోపే. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ మూడున్నర గంటల ప్రాంతంలో చేర్చే ఊరికి విమాన సమయం లెక్కపెట్టడం వృథా శ్రమ.

ఇక్కడ చిత్తూరుకు ఒక ప్రత్యేకత ఉంది, దాన్ని చిత్తూరు వాళ్లే తరచుగా మరిచిపోతుంటారు. గల్ఫ్‌కో, అమెరికాకో పోవాల్సినవాడికి తిరుపతి ఏమంత గొప్ప స్థానం కాదు. రేణిగుంటకు 2015 అక్టోబరు 22న గరుడ టెర్మినల్ ప్రారంభమైంది, తర్వాత అంతర్జాతీయ విమానాశ్రయమన్న హోదా కూడా దక్కింది. కానీ దేశాలు దాటే దారి ఇప్పటికీ మద్రాసు, బెంగళూరు, హైదరాబాదుల గుండానే. చిత్తూరు నుంచి మీనంబాక్కం సూటిగా 120 కిలోమీటర్ల లోపు, దేవనహళ్లి 150 ప్రాంతం. రెండు పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయాల మధ్య, రెండింటికీ మూడు మూడున్నర గంటల రోడ్డు దూరంలో కూర్చున్న జిల్లా కేంద్రం ఇది. హోస్కోటె నుంచి శ్రీపెరుంబుదూరు దాకా 262 కిలోమీటర్ల బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే పలమనేరు, చిత్తూరు ప్రాంతాల గుండానే పోతోంది. అది పూర్తయ్యే కొద్దీ ఆ మూడు గంటలు ఇంకా తగ్గుతాయి. దేశంలో తిరిగే పనికి తిరుపతి ముందుంది, సముద్రాలు దాటే పనికి చిత్తూరు వెనకబడలేదు. ఈ మాట చిత్తూరు వాళ్లు నిబ్బరంగా చెప్పుకోవచ్చు.

ఇదే రెండంకెల లెక్కను భూమి పైకొసన, ఉత్తరాది మంచుదేశాల్లో పెట్టి చూస్తే దాని అర్థం మారిపోతుంది. కెనడాలోని నునావుట్ ప్రాంతంలో బాఫిన్ ద్వీపం మీద ఇకాలుయిట్ అనే పట్టణం ఉంది. ఏడువేల చిల్లర జనాభా, ఆ ప్రాంతానికి రాజధాని. అక్కడి నుంచి పాంగ్నిర్టుంగ్ అనే పదిహేనువందల జనాభా ఊరికి సుమారు 300 కిలోమీటర్లు, విమానంలో గంట ప్రాంతం. రేణిగుంట నుంచి బెజవాడ విమానాశ్రయమైన గన్నవరం సూటిగా 350కి కాస్త లోపు. అదీ గంట ప్రయాణమే. అక్కడ తిరిగేదీ ఏటీఆర్ కుటుంబపు విమానమే, ఇక్కడా అదే కుటుంబం. కాగితం మీద ఈ రెండు ప్రయాణాలు కవల పిల్లల్లా ఉంటాయి. కానీ నునావుట్‌లో ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు, రైలు లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రం గడ్డకట్టి ఓడ రాదు. గర్భిణిని ఆస్పత్రికి చేర్చాలన్నా, పిల్లలకు పాలపొడి రావాలన్నా ఆ విమానమే. మంచు తుపాను వచ్చి విమానం రాకపోతే ఊరు ఆగిపోతుంది. తిరుపతి నుంచి బెజవాడకు విమానం రద్దయితే? రేణిగుంట స్టేషనుకు పోయి రైలెక్కుతాం. గూడూరు మీదుగా 385 కిలోమీటర్ల పట్టాల దారి, పగలూ రాత్రీ రైళ్లు. ఒకే గంట, ఒకే విమానం. అక్కడ అది ప్రాణాధారం, ఇక్కడ వెసులుబాటు.

ఇంకా చిన్న ఉదాహరణ స్కాట్లాండుకు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో ఉంది. వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య 1967 నుంచి లోగనేర్ సంస్థ విమానం నడుపుతోంది. దూరం 2.7 కిలోమీటర్లు. వేళాపట్టికలో రెండు నిమిషాలు. ప్రపంచంలో క్రమం తప్పక నడిచే విమాన ప్రయాణాల్లో అతి చిన్నది ఇదే. గాలి అనుకూలిస్తే నిమిషం లోపే దిగిన సందర్భం కూడా ఉంది. తిరుచానూరు నుంచి అలిపిరికి ఉన్నంత దూరం కూడా లేదు. అయినా దాన్ని ఎవరూ దుబారా అనరు. పాపా వెస్ట్రేలో వందమంది లోపే ఉంటారు. బళ్లోకి టీచరు రావాలన్నా, డాక్టరు రావాలన్నా మధ్యలో ఉత్తర సముద్రపు పాయ దాటాలి. పడవా ఉంది గానీ ఆ సముద్రం అన్ని రోజులూ ఒకేలా ఉండదు. రెండు కిలోమీటర్ల ఏడు వందల మీటర్లకు విమానం న్యాయమైనప్పుడు, యాభై ఏడు కిలోమీటర్లకు ఎందుకు కాదు? ఇక్కడ మధ్యలో ఉన్నది సముద్రం కాదు, పాకాల.

ఈ పోలిక నుంచి నాకు దక్కిన కొలబద్ద ఒకటి ఉంది. విమాన దూరం చిన్నదా పెద్దదా అన్నది ముఖ్యం కాదు. నేల దారికీ ఆకాశ దారికీ మధ్య ఎడం ఎంత, నేల దారి నమ్మదగినదేనా అన్నదే ముఖ్యం. పాపా వెస్ట్రేలో సముద్రం ఆ ఎడాన్ని సృష్టించింది, పాంగ్నిర్టుంగ్‌లో మంచు, మనకు హైదరాబాదు దారిలో నల్లమల. ఎడం లేని చోట విమానాన్ని తగ్గించాలని ప్రభుత్వాలే నిర్ణయిస్తున్న కాలమిది. రెండున్నర గంటల లోపు రైలు ఉన్న దారుల్లో దేశీయ విమానాలు నడపకూడదని ఫ్రాన్సు 2021లో చట్టం చేసి 2023లో అమలుకు తెచ్చింది. ప్యారిస్‌లోని ఓర్లీ నుంచి లియోన్, నాంత్, బోర్డో దారులు మూతపడ్డాయి. కారణం కూడా తేలికగా అర్థమవుతుంది. విమానం ఎక్కేటప్పుడే ఇంధనం ఎక్కువ తాగుతుంది. దారి ఎంత పొట్టిదైతే ఆ ఎక్కే భాగం వాటా అంత పెరుగుతుంది.

మన ప్రభుత్వ పథకాల్లోనూ గాలిదూరం కొలతే రాజ్యమేలుతోంది. 2016 అక్టోబరులో ప్రకటించిన ఉడాన్ పథకం గంట ప్రయాణాన్ని, సుమారు 500 కిలోమీటర్లను ఒకటిగా తీసుకొని సగం సీట్లకు 2,500 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. మొదటి ఉడాన్ విమానాల్లో ఒకటి మన పక్క జిల్లాదే. 2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాదు విమానానికి ప్రధాని జెండా ఊపారు. ట్రూజెట్ సంస్థ నడిపింది. కడప విమానాశ్రయం అంతకు రెండేళ్ల ముందే, 2015 జూన్‌లో మొదలైంది. ఆ సంస్థ విమానాలు 2022 నాటికి ఆగిపోయాయి. కడప కథ చిత్తూరు చదవాలి. రన్‌వే ఒకసారి వేస్తే ఉంటుంది. విమానం మాత్రం సీట్లు నిండినన్నాళ్లే ఉంటుంది.

అందుకే కుప్పం విమానాశ్రయం ప్రతిపాదనను నేను సందేహంతో చూస్తున్నాను. 2019 ఎన్నికల ముందు ఒకసారి శంకుస్థాపన దాకా వచ్చింది, ఇప్పుడు రాష్ట్రం కొత్తగా కట్టాలనుకుంటున్న విమానాశ్రయాల జాబితాలో మళ్లీ చేరింది. కుప్పం నుంచి దేవనహళ్లికి సూటి దూరం 85 కిలోమీటర్ల ప్రాంతం. రేణిగుంటకు అంతకు దాదాపు రెట్టింపు. బెంగళూరు విమానాశ్రయానికి కేంద్రంతో ఉన్న ఒప్పందం ప్రకారం 150 కిలోమీటర్ల గాలిదూరంలో, మైసూరు, హాసన్ మినహా, 2033 దాకా పోటీ విమానాశ్రయం రాకూడదు. హోసూరు విమానాశ్రయం విషయంలో తమిళనాడుకు అడ్డుపడ్డ షరతు ఇదే. కుప్పం నిక్షేపంగా ఆ వలయంలోనే ఉంది. చిత్తూరు పట్టణం సరిగ్గా దాని అంచు మీద ఉంది. గాలిదూరం అనే అంకెకు చట్టబద్ధమైన బలం ఎంత ఉందో చూడండి. ప్రయాణికుడికి ఏమీ చెప్పని అంకె, ఒక ప్రాంతానికి 2033 దాకా విమానాశ్రయం రావాలో వద్దో తేలుస్తుంది. శిక్షణ విమానాలకో, సరుకులకో కుప్పం రన్‌వే ఉపయోగపడుతుందంటే ఆ లెక్కను వేరుగా చూపించి ఒప్పించాలి. ప్రయాణికుల పేరు మీద ఒప్పించలేరు.

విమానాశ్రయం కావాలన్న చిత్తూరు కోరికను నేను తేలిక చేయడం లేదు. 1911లో ఏర్పడ్డ జిల్లా ఇది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు విమానాశ్రయం, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, స్విమ్స్, ఐఐటీ, ఐజర్ అన్నీ తిరుపతి జిల్లా వైపు పోయాయి. జిల్లా కేంద్రమన్న పేరు మిగిలి ఆస్తులన్నీ పక్కింటికి పోయిన బాధ చిత్తూరులో ఇంకా ఆరలేదు. ఆ బాధ న్యాయమైనది. దానికి మందు మాత్రం రన్‌వే కాదు. చిత్తూరు సంపద తోతాపురి మామిడి, దాని గుజ్జు. డబ్బాల్లోకెక్కి ఓడల్లో పోయే సరుకది, దానికి కావాల్సింది మద్రాసు రేవుకు మంచి దారి. చిత్తూరు జబ్బుమనిషికి కావాల్సింది వేలూరుకో తిరుపతికో గంటలో చేరడం. చిత్తూరు విద్యార్థికి కావాల్సింది రోజూ పొద్దున పోయి సాయంత్రం తిరిగి రాగల రైలు.

ఆ రైలు దారి సంగతి చూడండి. తిరుపతి–పాకాల–కాట్పాడి లైను 104 కిలోమీటర్లు, ఇప్పటికీ ఒకే పట్టా. ఎదురు రైలు వస్తే స్టేషనులో ఆగి నిలబడాల్సిందే. 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం దాన్ని రెండు పట్టాలు చేయడానికి 1,332 కోట్ల రూపాయలకు ఆమోదం ఇచ్చింది. చిత్తూరు ఆ దారి మధ్యలో ఉంది. ఇటు తిరుపతికీ రేణిగుంటకూ, అటు కాట్పాడి మీదుగా మద్రాసుకూ బెంగళూరుకూ ఒకేసారి దగ్గరయ్యే అవకాశం అది. తిరుపతి, చిత్తూరుల మధ్య రైలు గంటలో పోగలిగితే విమాన లెక్కకు కనిపించని ఆ గంటన్నర ఎడం సగానికి తగ్గుతుంది. కుప్పంలో కొత్త రన్‌వే వేసినా అంతకంటే ఎక్కువ తగ్గదు.

చిత్తూరు ప్రజాప్రతినిధులకూ, అధికారులకూ నా విన్నపం మూడు మాటలు. రెండో పట్టా పనికి గడువు పెట్టించి ఆ గడువును జనానికి చెప్పండి. అందాకా రేణిగుంట విమానాల వేళలకు జత కుదిరేలా చిత్తూరు బస్టాండు నుంచి నేరుగా విమానాశ్రయం గుమ్మం దాకా ఆర్టీసీ బస్సు నడిపించండి, తిరుపతిలో దిగి మారే పని లేకుండా. కుప్పం విమానాశ్రయానికి నివేదిక తయారుచేసే ముందు అందులో గాలిదూరంతో పాటు గడప నుంచి గడపకు పట్టే సమయాన్ని, దేవనహళ్లితో, రేణిగుంటతో పోల్చి, పట్టికగా వేయించండి. ఆ పట్టిక చూశాక కూడా జనం విమానాశ్రయమే కావాలంటే అప్పుడు కట్టండి.